వర్లా ఇనుప మంచం

మా ఊళ్ళో వర్లా హడిల్‌స్టన్ కారు వస్తోందంటే దూరం నుంచే తెలిసిపోయేది. చప్పుడు వల్ల కాదు. ఇండియానాలో మా వైపు పాత మజిల్ కార్లకి, అంటే పెద్ద ఇంజన్ల కార్లకి, కొదవ లేదు, అన్నీ ఉరుముకుంటూనే తిరుగుతాయి. వర్లా కారు ఏటవాలుగా వచ్చేది. ముందు చక్రాలు ఒక దారిన, వెనక చక్రాలు దానికి బెత్తెడు పక్కన. కుక్క పరిగెత్తేటప్పుడు నడుము ఒక పక్కకి తోసుకుని వెళ్తుంది చూడండి, అచ్చం అలాగ. చర్చి ముందు ఆపితే రెండు కార్ల చోటు పట్టేది. "వర్లా వచ్చేసింది, ఆమె కారు ఇంకా వస్తోంది" అని పాస్టరుగారే జోకులు వేసేవారు.

నేను వాళ్ళకి ఎదురింటివాణ్ణి. ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచినవాణ్ణి. ఇక్కడ చెప్పేదాంట్లో సగం నా కళ్ళతో చూసిందే. మిగతా సగం ఆమె భర్త క్లోవిస్ చెప్పాడు. క్లోవిస్ చెప్పింది మళ్ళీ వర్లాని అడిగి ఖాయం చేసుకున్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

వర్లా ముప్ఫై ఒక్కేళ్ళు మా జిల్లా బడి బస్సుల షెడ్డులో మెకానిక్‌గా పనిచేసింది. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరూ ఆమె బిగించిన బ్రేకుల మీద బడికి వెళ్ళి చదువుకున్నవాళ్ళే. మనిషి పొట్టి, మాట పొట్టి. చూపు మాత్రం చాలా దూరం పోతుంది. ఒక కన్ను మూసి చూసిందంటే గోడ ఎంత వంగిందో వెంట్రుకవాసిలో చెప్పేస్తుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీద ఫొటోలు సరిచేసి, ఆ తర్వాతే కుర్చీలో కూర్చుంటుంది.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు క్లోవిస్. మా ఊరి మంగలి. అతను చేసిన ఏ పనీ తిన్నగా ఉండదు. పిట్టలకి గూడు కడితే గుడ్లు దొర్లి కింద పడ్డాయి. క్రాపు చేస్తే కుడి చెవి దగ్గర ఒక వేలెడు ఎక్కువ కత్తిరించేవాడు. ఊరంతా అతని దగ్గరే చేయించుకునేది కాబట్టి అందరం ఒకేలా ఉండేవాళ్ళం. పొరుగూరు వెళ్ళినప్పుడే తేడా తెలిసేది.

ఇక కారు. 1968 షెవెల్, రెండు తలుపులది, ముదురాకుపచ్చ. వర్లా ఇరవై రెండేళ్ళప్పుడు, తన మొదటి ఉద్యోగంలో, ఎవరి దగ్గరో పాతది కొనుక్కుంది. పెళ్ళికి ఏడాది ముందు క్లోవిస్ దాన్ని ఒక శనివారం అడిగి తీసుకెళ్ళాడు. సాయంత్రం ఫోను చేశాడు. దారిలో జింక అడ్డొచ్చిందట. దాన్ని తప్పించబోతే కారు ముందుభాగం కల్వర్టుకి గుద్దుకుందట. జింకకి గీత కూడా పడలేదట. రెండు వారాలు తన పెదనాన్న కొడుకు షెడ్డులో పెట్టి, బాగుచేయించి, కడిగి తుడిచి తెచ్చి అప్పగించాడు. అప్పటి నుంచీ కారు పక్కకి నడుస్తోంది. వర్లా ప్రాణం ముఖ్యం, కారుదేముంది అనుకుంది.

ఉద్యోగం నుంచి దిగిపోయిన వసంతంలో ఆమెకి కారు మీద మనసు పడింది. పక్క ఊళ్ళో చక్రాలు సరిచేసే అతని దగ్గరికి తీసుకెళ్తే, కిందకి దూరి చూసి బయటికొచ్చి టోపీ తీశాడు, ఎవరో పోయినట్టు.

"చక్రాల తప్పు కాదమ్మా. ఛాసీయే మెలి తిరిగింది. దీన్ని పాత ఇనుముకి వేసేసి, కొత్త ఛాసీ తెప్పించుకో."

"తిరిగినదాన్ని మళ్ళీ తిప్పలేమా?"

"తిప్పొచ్చు. దానికి జిగ్ కావాలి. అది పెద్ద వర్క్‌షాపుల్లో ఉంటుంది. మనలాంటోళ్ళ పని కాదు."

జిగ్ అంటే మరేం లేదు, ఒక ఇనుప మంచం లాంటిది. ఛాసీని, అంటే కారుని కింద నుంచి మోసే ఇనుప చట్రాన్ని, దాని మీద పడుకోబెట్టి, కదలకుండా బిగించి, ఏ మూల ఎక్కడుండాలో అక్కడికి లాగుతారు. మంచం తిన్నగా ఉంటేనే దాని మీద పడుకున్నదీ తిన్నగా అవుతుంది. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

మర్నాడు పొద్దున మా ఊరి డైనర్ హోటల్లో, అందరం గుడ్లూ, బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ తింటుండగా వర్లా ప్రకటించింది, జిగ్ తనే కడుతున్నానని. నవ్వనివాడు లేడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఫెరిస్ లూమిస్. ఫెరిస్ దగ్గరా 1968 షెవెల్ ఉంది, నీలిరంగుది. కార్ల ప్రదర్శనల్లో దానికి పదకొండు కప్పులొచ్చాయి. వాన పడే సూచన ఉంటే దాన్ని బయటికి తియ్యడు. మబ్బు లేకపోయినా వాన పడే సూచన ఉందనే అంటాడు.

"వర్లా, నువ్వు బస్సులు బాగుచేసే మనిషివి. వీటి కొలతలు వేరు, పదహారో వంతు అంగుళం లెక్క. బస్సుకి అటూ ఇటూ అయినా పిల్లలు ఏడవరు" అన్నాడు ఫెరిస్.

"ఏడవరులే. వాళ్ళ అమ్మలు ఏడుస్తారు" అంది వర్లా, మిరియాలపొడి అందుకుంటూ.

ముందు దూలాలు కావాలి. పొడవైనవి, బరువైనవి, వంగనివి. అదే నెలలో మా ఊరి మొక్కజొన్న గోదాము వాళ్ళు లారీలు తూచే పాత కాటాని పీకేస్తున్నారు. దాని కింద పద్దెనిమిది అడుగుల ఉక్కు దూలాలు నాలుగున్నాయి. గోదాము మేనేజరు రోస్కోని వర్లా అడిగితే, "మా ట్రాక్టరు బ్రేకు మూడు నెలల్నుంచీ పట్టట్లేదు, అది చూసి పెట్టు, నీకు కావలసినవి పట్టుకెళ్ళు" అన్నాడు. ఆమె ట్రాక్టరు చూసి, బ్రేకు బిగించి, దూలాల దగ్గర కూర్చుని ఒక కన్ను మూసింది.

"ఇది కాదు. ఇది కాదు. ఇదీ, ఆ చివరిదీ."

"నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి కదే!" అన్నాడు క్లోవిస్.

"నీకు మా అక్కా నేనూ కూడా ఒక్కలాగే ఉండేవాళ్ళం."

దూలాల్ని గడ్డి బండి మీద కట్టి, చివర ఎర్రగుడ్డ వేలాడదీసి, ఊరి నడివీధిలోంచి తెచ్చారు. ఎర్రగుడ్డ అంటే అది క్లోవిస్ క్రిస్మస్ పైజామా. ఊరంతా చూసింది.

వాళ్ళ షెడ్డు నేల వాన నీళ్ళు పోవడానికి తలుపు వైపు వాలుగా ఉంటుంది. అందుకని దూలాలకి ఆరు కాళ్ళు పెట్టి, ప్రతి కాలి కింద లావుపాటి బోల్టు అమర్చింది. తిప్పితే పైకి లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. నాలుగు మూలలూ ఒకే మట్టానికి తేవడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసింది. కనపడడానికి నీళ్ళలో చెర్రీ రంగు కలిపింది. గొట్టం ఒక చివర తను పట్టుకుంది, రెండో చివర క్లోవిస్ చేతికిచ్చింది. నీళ్ళు రెండు చివరలా ఒకే ఎత్తున నిలబడతాయి, అక్కడ గీత గీసుకోవడమే పని. చిన్నపిల్లలు కూడా చెయ్యగలరు.

పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారు. నేను మధ్యాహ్నం వెళ్ళేసరికి వర్లా నేల మీద బోర్లా పడుకుని ఉంది. ముఖాన చెర్రీ మరకలు.

"ఏమైంది?" అన్నాను.

"షెడ్డు కుంగిపోతోంది. గంటకో అర అంగుళం. ఇందాక ఉత్తరం మూల దిగింది, ఇప్పుడు దక్షిణం మూల దిగింది. కింద గనులేమైనా ఉన్నాయా ఇక్కడ?"

"నాకు తెలిసి లేవు."

ఆమె రసమట్టం తెచ్చి దూలం మీద పెట్టింది. బుడగ ఒక పక్కకి పరిగెత్తింది. గొట్టం ఒకటి చెబుతోంది, రసమట్టం ఇంకొకటి. అప్పుడు ఆమె మెల్లిగా తలెత్తి, ఆ చివర బుద్ధిగా నిలబడ్డ క్లోవిస్ వైపు చూసింది.

"క్లోవిస్. నీ బొటనవేలు ఎక్కడుంది?"

"గొట్టం మీద."

"ఎందుకుంది?"

"నీళ్ళు ఒలుకుతాయని. బూట్లు కొత్తవి."

"పొద్దున్నించీ అక్కడే ఉందా?"

"తీస్తే కదా ఒలకడానికి! తిండికి వెళ్ళినప్పుడు తప్ప అస్సలు తియ్యలేదు" అన్నాడు గర్వంగా.

గొట్టం మూసేస్తే నీళ్ళు కదలవు, ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. నాలుగు గంటల కొలతలూ క్లోవిస్ బొటనవేలి కొలతలే. వర్లా లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, పర్సిమన్ పళ్ళ పుడ్డింగు ఒక గిన్నెడు తిని వచ్చింది. తన చేత్తోనే క్లోవిస్ బూట్లు విప్పింది. రెండో పూట అతను గొట్టం పట్టుకుని వట్టి కాళ్ళతో నిలబడ్డాడు, తపస్సు చేస్తున్నట్టు.

మట్టం కుదిరింది. ఇప్పుడు ఛాసీలో ఏ రంధ్రం నుంచి ఏ రంధ్రానికి ఎంత దూరముండాలో కావాలి. కొలతల కాగితం ఆమె దగ్గరుంది. అందులో మూల నుంచి ఎదురు మూలకి వెళ్ళే కొలత మీద ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో కాఫీ పోశారు. చివరి అంకె మూడో ఎనిమిదో తెలియదు. అందుకని బుధవారం సాయంత్రం ఐస్‌క్రీమ్ కొట్టు ముందు కార్ల వాళ్ళంతా చేరినప్పుడు, టేపూ, దారానికి వేలాడే తూకంగుండూ పట్టుకుని ఫెరిస్ దగ్గరికి వెళ్ళింది.

"ఒకసారి నీ కారు కిందకి దూరనిస్తావా?"

ఫెరిస్ ముఖంలో రంగులు మారాయి. "దుమ్ము రేగుతుంది."

"కదలకుండా పడుకుంటాను."

"టేపు గీసుకుంటుంది."

"గుడ్డ చుట్టాను."

చుట్టూ పది మంది చూస్తున్నారు, కాదంటే బాగుండదు. వర్లా అట్టముక్క పరుచుకుని కిందకి పోయింది. ఆమె బయటికొచ్చేదాకా ఫెరిస్ తన ఐస్‌క్రీమ్ తినడం మర్చిపోయాడు, అది మోచేతి దాకా కారింది. ఆమె వచ్చి, టేపు చుట్టి, "థాంక్స్ ఫెరిస్" అని మాత్రం అంది.

ఇంటికొచ్చాక క్లోవిస్‌తో అంది: "నా టేపు పాడైనట్టుంది."

ఫెరిస్ కారు కొలత మూడుకీ రాలేదు, ఎనిమిదికీ రాలేదు. మూల నుంచి మూలకి తీసిన రెండు కొలతలకీ ముప్పాతిక అంగుళం తేడా. కొత్త టేపు కొంది. ఊరి బయట ఎనిడ్ స్టౌట్ అనే ముసలావిడ కొట్టంలో అదే ఏడాది షెవెల్ ఒకటి పడి ఉందని నేనే చెప్పాను, ఆ దారిన ఉత్తరాలు పంచినవాణ్ణి కాబట్టి. వెళ్ళి చూస్తే అద్దాల్లేవు, టైర్లు మట్టయ్యాయి, వెనక సీట్లో కోళ్ళు పొదుగుతున్నాయి.

"గుడ్ల మీదున్నదాన్ని కదపకు, పొడుస్తుంది" అంది ఎనిడ్.

వర్లా కోళ్ళ కింద పడుకుని కొలిచింది. రెండు మూలలూ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. కాగితం మీది అంకె ఎనిమిది. ఆమె జుట్టులో రెట్ట తుడుచుకుంటూ బయటికొచ్చి, కాసేపు ఆ తుప్పుపట్టిన కారుని చూస్తూ నిలబడింది.

"అయితే కప్పులన్నీ ఈ కోళ్ళకి రావాలన్నమాట!" అన్నాడు క్లోవిస్, పండగొచ్చినట్టు. "ఆదివారం చర్చిలో చెప్పేస్తాను."

"చెప్పావంటే నీకు నువ్వే క్రాపు చేసుకోవాలి, నీ వెనకాల నేను అద్దం పట్టుకోను. వాడికి ఆ కారు తప్ప ఇంకేముంది? నోరు మూసుకో."

క్లోవిస్ నోరు మూసుకున్నాడు. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

జూన్ చివర్లో చర్చి నుంచి ఎనిమిది మందిమి వెళ్ళి వర్లా షెవెల్ ఒంటిని ఎత్తి చెక్క దిమ్మల మీద పెట్టాం. కింద మిగిలిన ఛాసీని ఆమె జిగ్ మీద పడుకోబెట్టింది. జిగ్ మీద ఎక్కడెక్కడ ఛాసీ ఆనాలో అక్కడ పొట్టి స్తంభాలు వెల్డింగు చేసి పెట్టుకుంది. ఛాసీ తిన్నగా ఉంటే ఒక్కో రంధ్రం ఒక్కో స్తంభం మీదికి రావాలి.

ముందు నాలుగు రంధ్రాలూ టకటక కూర్చున్నాయి. మధ్యవీ కూర్చున్నాయి. వెనక కుడివైపుది మాత్రం ఒకటింబావు అంగుళం పక్కనా, కొంచెం ముందుకీ ఉంది. వర్లా తూకంగుండు వదిలింది, మళ్ళీ చూసింది. చేత్తో ఆ ఇనుముని తడిమింది, జ్వరం చూసినట్టు.

"క్లోవిస్, ఆ జింక ఎటు నుంచి వచ్చిందన్నావు?"

"ఎడమ నుంచి. ఎదురుగా. చెప్పాను కదా."

"కల్వర్టుకి ఏది తగిలింది?"

"ముందు బంపరు."

"ముందంతా నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టుంది. దెబ్బ వెనక నుంచి పడింది, కుడి మూల మీద." ఆమె లేచి నిలబడింది. "ఆ జింక రివర్స్ గేరులో వచ్చిందా?"

నేను అక్కడే ఉన్నాను. వెళ్ళిపోదామనుకున్నాను గానీ కాళ్ళు రాలేదు. క్లోవిస్ ముందు పైకప్పు చూశాడు, తర్వాత నన్ను చూశాడు, నా దగ్గర ఏమీ దొరకలేదు.

"జింక లేదు వర్లా."

"లేదా?"

"నలుగురు స్నేహితులకి చూపిద్దామని తీసుకెళ్ళాను. ఆ హాంబర్గర్ల కొట్టు ముందు వెనక్కి తీస్తూ అద్దంలో చూశాను..."

"చూస్తే?"

"వెనక చూడలేదు. జుట్టు చూసుకున్నాను. అప్పట్లో చాలా ఉండేది కదా. దువ్వెన తీశాను. అంతలో సిమెంటు స్తంభం."

వర్లా మరి మాట్లాడలేదు. అంటే మామూలు మాటలు మాట్లాడలేదు. తర్వాతి రెండు రోజులూ ఆ ఇంట్లో అంకెలే వినపడ్డాయి. లాగడానికి ఇద్దరు కావాలి. ఒకరు గొలుసు బిగించి జాకీ కొడితే, ఇంకొకరు టేపు చూడాలి. ఆమె జాకీ కొట్టేది. "ఎంత?" అనేది. "ముప్పాతిక" అనేవాడు. జాకీ వదిలేది. ఇనుముకి పాత అలవాటు పోదు, వదలగానే సగం దూరం వెనక్కి వచ్చేసేది. అందుకని కావలసినదానికంటే ఎక్కువ లాగి వదలాలి. "ఎంత?" "అర." "ఎంత?" "పావు కంటే కొంచెం ఎక్కువ." భోజనాల బల్ల దగ్గర కూడా, "బంగాళాదుంపలు ఎన్ని?" "రెండు." అంతే.

మూడో రోజు మధ్యాహ్నం గొలుసు చివరిసారి వదిలింది. ఇనుము టంగుమని ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. బోల్టు తీసుకుని రంధ్రంలో వేస్తే వేలితో తిప్పితేనే స్తంభంలోకి దిగింది. ఈ మూల కొలిచారు, ఆ మూల కొలిచారు. రెండూ ఒకటే.

వర్లా తిరగేసిన బక్కెట్టు మీద కూర్చుంది. "జింకని కాపాడిన మనిషివని నిన్ను చేసుకున్నాను, తెలుసా? ఇంకొకడు కూడా అడిగాడు అప్పుడు. వాడి కారు నీట్‌గా ఉండేది. వీడు జంతువు కోసం నా కారుని కల్వర్టుకి కొట్టాడు, మంచివాడు అనుకున్నాను."

క్లోవిస్ చేతిలో టేపుని చుట్టేశాడు. "ఇప్పుడేం చేద్దామంటావు?"

"ఏం చేస్తాం, ముప్ఫై ఏడేళ్ళయిపోయింది. పోనీలే, ఆ జింకకి నిజంగానే దెబ్బ తగల్లేదు కదా" అంది. అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపలేక బక్కెట్టు మీద నుంచి జారింది. మా ఇంట్లోకి వినపడింది.

ఆగస్టులో కారు మళ్ళీ ఒక్కటయింది. మొదటిసారి బయటికి తీసినప్పుడు వీధి చివర రెండు నిమిషాల్లో మొక్కజొన్న చేలోకి దిగిపోయింది. కారు తప్పు కాదు. ఇన్నేళ్ళూ అది కుడికి లాగుతుంటే ఆమె చేతులు ఎడమకి పట్టుకుని ఉండేవి. ఇప్పుడు కారు తిన్నగా వెళ్తోంది, చేతులకి ఆ సంగతి తెలియలేదు. వారం రోజులు ఖాళీ మైదానంలో కొత్తగా నేర్చుకుంది.

సెప్టెంబరులో ఒక మంగళవారం పొద్దున ఫెరిస్ వచ్చాడు. కారు లేకుండా నడిచి వచ్చాడు, అదే వింత. షెడ్డు తలుపు దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, లోపలికి వచ్చి తలుపు వేశాడు.

"ఆ రోజు నీకెంత వచ్చింది?"

"దేనికి?"

"నాకు తెలుసు నీకు తెలుసని. ఎంత?"

"ముప్పాతిక."

"నాకు అర అంగుళమే వచ్చిందే!"

"నీ టేపు నీ మీద దయ చూపించింది."

అప్పుడు చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా తెలుసట. ఏటా వసంతంలో అరిగిపోయిన టైర్లు పారేసి కొత్తవి వేసేవాడట. చక్రాల దగ్గర రేకుముక్కలు పెట్టి తిన్నగా ఉన్నట్టు కనపడేలా చేసేవాడట. జడ్జీ ఎవరైనా వంగితే చాలు, ఇంజను చూద్దురుగాని రమ్మని అటు లాక్కుపోయేవాడట. మొదటి కప్పు రాకముందు తెలిసుంటే చెప్పేసేవాడు. పదకొండు వచ్చాక ఎలా చెప్పాలో తెలియలేదు.

"నువ్వు ఎందుకు చెప్పలేదు ఎవరికీ?" అని అడిగాడు.

"నా కారు కాదు కదా."

"క్లోవిస్‌కి తెలుసా?"

"తెలుసు."

ఫెరిస్ నెత్తి పట్టుకున్నాడు. "అయితే టపాలాయనకీ తెలుసు."

నాకు తెలుసు. కానీ నేనూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి తప్ప.

ఆ చలికాలమంతా నీలి షెవెల్ జిగ్ మీద ఉంది. ఫెరిస్ రోజూ వచ్చేవాడు. మొదట్లో చేతికి తెల్ల గ్లౌజులు వేసుకుని వచ్చాడు. జనవరికల్లా వర్లా పాత ఓవరాల్ ఒకటి తొడుక్కుని, మోకాళ్ళ మీద పాకుతూ, "పావు! ఇంకొంచెం కొట్టు! ఇంకొంచెం!" అని అరుస్తూ కనిపించాడు. అతను అంత ఆనందంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు, కప్పు అందుకున్నప్పుడు కూడా. ఆ తర్వాత ఇంకో ముగ్గురు వాళ్ళ కార్లు తెచ్చారు. డైనర్‌లో నవ్విన వాళ్ళే. వర్లా వంతుల ప్రకారం పేర్లు తలుపు మీద సుద్దతో రాసింది, అంతే.

మరుసటి వేసవిలో జిల్లా కార్ల ప్రదర్శన జరిగింది. ఫెరిస్ కారుకి మూడో స్థానం వచ్చింది. ఛాసీ తీసి పెట్టేటప్పుడు రంగు రెండు చోట్ల గీసుకుంది, అది జడ్జీలు పట్టుకున్నారు. నేను అతన్ని ఓదారుద్దామని వెళ్ళాను. కారు దగ్గర మనిషి లేడు. చూస్తే కింద నుంచి నాలుగు జతల కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఎవరో ముక్కూమొహం తెలియని ముగ్గురిని అట్టముక్కల మీద పడుకోబెట్టి, తను మధ్యలో పడుకుని, టార్చిలైటు వేసి చూపిస్తున్నాడు.

"ఆ బోల్టు చూశారా, వేలితో తిరుగుతుంది. తిప్పి చూడండి, తిప్పండి, పర్లేదు! మా ఊళ్ళో ఒకావిడ ఉంది..."